ఖానా కొట్టేసిన అర్జీ

చార్మినారు నేను కట్టించలేదు. మూసీకి వరద కూడా నేను తెప్పించలేదు. ఆ రెండూ వదిలేస్తే, మా మున్సిపాలిటీ సర్కిల్ ఆఫీసులో పెద్దసారును ఒక్క కాగితం ముక్కతో కుర్చీలోంచి లేపి నిలబెట్టిన మొనగాణ్ణి నేనే. పేరు ఓదెలు. ఉప్పుగూడలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పేటప్పుడు కొంచెం నవ్వుతారు. అది గౌరవం పట్టలేక వచ్చే నవ్వు.

నలభై ఏళ్లు ఉప్పుగూడ నుంచి దబీర్‌పురా దాకా సైకిలు మీద పాలు పోశాను. పాలల్లో నీళ్లు కలిపేవాడినని గిట్టనివాళ్లంటారు. శుద్ధ అబద్ధం. నేను నీళ్లల్లో పాలు కలిపేవాణ్ణి. నాకో బర్రె ఉండేది. రైలు వచ్చే ముందు అది పట్టాల దగ్గర ఆగిపోయేది. గేటు కాపలాదారు గడియారం చూసుకోవడం మానేసి, దాన్ని చూసి గేటు వేసేవాడు. అది ఒకరోజు జ్వరంతో పడుకుంటే బండి అరగంట ఆలస్యంగా వచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. మోకాళ్లు మొరాయించాక బర్లను అమ్మేశాను. ఇప్పుడు నా పని అర్జీలు రాయడం. రేషను కార్డుకో, నల్లా కనెక్షనుకో ఎవరైనా వస్తే గడపలో కూర్చుని రాసిపెడతాను. కూలి ఒక చాయ్.

చదివింది ఏడో తరగతి. మా ఊరి బళ్లో పంతులుగారు అర్జీ రాయడం బెత్తంతో నేర్పారు. "అధికారికి రాసేటప్పుడు బరువైన మాట పడాలిరా. సిగ్గుమాలిన మాట పడకూడదు" అనేవారు. నా వీపు మీద ఆ రెండు సూత్రాలూ ఇప్పటికీ చదువుకోవచ్చు. ఈ కథంతా వాటివల్లే వచ్చింది.

బోనాలకు ఇంకా పది రోజులుంది. మా గల్లీ ఊడ్చే యశోద, ఆమె జతగత్తె సక్కుబాయి పనిమధ్యలో మా గడప దగ్గరికి వచ్చారు. ఆకుపచ్చ జాకెట్లు, చేతుల్లో పొడుగు చీపుర్లు.

"బాపూ, ఒక అర్జీ రాసియ్యాలె" అంది యశోద.

"ఎవరి మీద?"

"ఎవ్వరి మీద కాదు. కూసునేటందుకు జర జాగ కోసం."

మా శారదమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎండ మండిపోతోంది. యశోద చెంబు వైపు చూసింది గాని ముట్టుకోలేదు.

"వద్దమ్మా. డ్యూటీల నీళ్లు తాగం."

"అదేం ఒక్కపొద్దే?"

"తాగితే యాడికి పోవాలె అమ్మా? పొద్దుగాల ఐదు నుంచి ఒంటిగంట దాంక రోడ్డు మీదనే ఉంటం. మొగోళ్లకు గోడలున్నయ్. మాకేమున్నయ్?"

"నీళ్లు తాగకుంటే రాళ్లయితయని డాక్టర్ తిట్టిండు నన్ను" అంది సక్కుబాయి. "రాళ్లయినా సరే గని హాజిరీ పోవద్దన్న."

శారదమ్మ ముఖం చిన్నబోయింది. "మా ఇంట్ల ఉన్నది కద, బిడ్డా. మొన్న వచ్చినవ్ గద."

"వచ్చిన గదమ్మా. గప్పుడే పేసు కొట్టిండు."

పేసు కొట్టడమంటే ఏమిటో నాకూ అప్పుడే తెలిసింది. సూపర్‌వైజరు శ్రవణ్‌కుమార్ చేతిలో ఒక ఫోనుంటుంది. రోజుకు మూడుసార్లు ఒక్కొక్కరి ముఖం దాంట్లో పట్టాలి. మొదటిది పనిలోకి దిగేటప్పుడు, చివరిది ఇంటికి పోయేటప్పుడు. మధ్యలోది ఎప్పుడో ఆయనకే తెలుసు. ఈల వేస్తాడు, అప్పుడు ముఖం కనపడకపోతే ఆ రోజు గైర్‌హాజరు. మా వైపు మున్సిపాలిటీని బల్దియా అంటారు. ఆయన బల్దియా మనిషి కాదు, ఊడ్చే పనిని కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్ల మనిషి. యశోద మా ఇంటికొచ్చిన మూడుసార్లూ ఆ ఈల మోగింది.

"మూడయినయని చెప్పిండు. సోమవారం సంది రావొద్దన్నడు."

"మూడు రోజులకే?"

"పదకొండేండ్ల సంది ఊడుస్తున్న బాపూ. పోయిన నెల యూనియన్ పెట్టినం. ఇరవై ముగ్గురం సంతకాలు చేసినం. నా పేరు అందరికన్న మీదున్నది. గప్పటి సంది నేను ఎక్కడికి పోతున్ననో ఆయనకు మస్తు ఫికరైతుంది."

సక్కుబాయి చీపురు కర్ర నేలకు తాటించింది. "యూనియన్ ఏడున్నది, నాకు కనపడ్తలేదు అంటడు. దానికి కూడ పేసు కొట్టాల్నంట."

అడగాల్సింది రెండు. ఆడవాళ్లు కూర్చోడానికి తలుపు, గొళ్లెం, మరుగుదొడ్డి ఉన్న ఒక గది. యశోదను తీసేయకూడదు. ఎవరైనా అయితే అలాగే రెండు ముక్కల్లో రాసేవాడు. నేను ఏడో తరగతి చదివాను.

"మరుగుదొడ్డి అని రాయరాదు" అన్నాను. "పెద్దసారు కండ్ల ముందర అసొంటి మాట పెడితే అర్జీ మైలపడతది."

"మరి ఎట్ల తెలుస్తది బాపూ?"

"అక్షరాల్లో ఇమిడిస్తా. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఇమిడించాను. "మహారాజశ్రీ గౌరవనీయులైన కమిషనరు వారి దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టాను. సముఖం దాటేసరికి పావు కాగితం అయిపోయింది. గదికి బరువైన మాట కావాలి. పాతబస్తీలో నలభై ఏళ్లు పాలు పోసినవాణ్ణి. నవాబుల పెద్ద పెద్ద దేవిడీల్లో మనుషులు కూర్చునే గదిని ఏమంటారో తెలుసు. బైఠక్‌ఖానా. ఆ మాట రాసి, చదివి వినిపించాను.

శారదమ్మ చాయ్ కప్పు చేతిలోనే ఆపేసింది. "ఖానా ఎవలడిగిండ్రయ్యా? తిండికి అడుక్కుంటున్నరనుకోడా సారు?"

"అది తినే ఖానా కాదే. దవాఖానాల ఉంటది జూడు, ఆ ఖానా."

"దవాఖానాల మందులిస్తరు. గీడ ఖానా అంటే బువ్వే అనుకుంటడు. కొట్టెయ్."

పెళ్లయి నలభై ఆరేళ్లయింది. కొట్టెయ్ అంటే కొట్టేశాను. బైఠక్ మిగిలింది. తరవాతి భాగం నాకు ఇప్పటికీ కంఠస్థమే:

"స్త్రీ కార్మికులకు బైఠక్ లేనందున మిక్కిలి ఇబ్బంది కలుగుచున్నది. కొన్ని చెప్పరాని అత్యవసర విషయములు కలవు. ఇంతకాలము ఓర్చుకొంటిమి. ఇంకను ఆపుకొనుట మా వశము కాదు. బోనాల పండుగ సమీపించుచున్నందున వెంటనే బైఠక్ ఏర్పాటు చేయించ ప్రార్థన. ఇట్లు, సఫాయి కార్మికుల యూనియన్."

పండుగ మాట ఎందుకు కలిపావని అడగకండి. పంక్తి పొట్టిగా ఉంది, నిండుదనం కోసం కలిపాను. పాలల్లో నీళ్లు కలిపిన చెయ్యి ఊరుకుంటుందా?

బుధవారం అర్జీ ఇచ్చారు. ఇలాంటి కాగితాలు సర్కిల్ ఆఫీసులో కనీసం రెండు పండుగలు చూస్తాయి. అలాంటిది గురువారం పొద్దున్నే యశోదకు ఫోనొచ్చింది. శుక్రవారం పదకొండింటికి పెద్దసారు స్వయంగా మాట్లాడతారట, యూనియన్ వాళ్లంతా రావాలట. వార్త విని నేను మీసం దువ్వుకున్నాను. "చూసినవా, అక్షరం బలం!" అన్నాను. శారదమ్మ "ఏం రాసి సచ్చినవో" అంది.

శుక్రవారం యశోద, సక్కుబాయి, ఇంకో నలుగురు వెళ్లారు. అర్జీ రాసినవాడిగా నేనూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెంట పోయాను. గదిలో నాలుగు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో పెద్దసారు ఉమాపతి గారు. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతారు, నగరానికి వచ్చి రెండేళ్లే. పక్కన రిజిస్టరు పట్టుకుని గుమాస్తా బిందుమాధవి. మూడోదాంట్లో శ్రవణ్‌కుమార్, కాలు మీద కాలు. నాలుగోది ఖాళీగా కనపడగానే నేను కూర్చున్నాను. తెల్ల మీసం కదా, ఎవరూ ఏమీ అనలేదు. ఆరుగురు ఆడవాళ్లు గోడవార నిలబడ్డారు.

ఉమాపతి గారు రుమాలుతో నుదురు ఒత్తుకున్నారు. "చూడమ్మా, సమ్మె ఎప్పటి నుంచి అనుకుంటున్నారు?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏం సమ్మె సార్?" అంది యశోద.

"దాచకండమ్మా. బోనాల ముందు చెత్త ఎత్తకపోతే నా పరిస్థితేంటో ఆలోచించండి. మీరే రాశారు గదా." నా అర్జీ తీసి చదివారు. "'కొన్ని చెప్పరాని అత్యవసర విషయములు కలవు.' ఇదేమిటండీ, ఇంత రహస్యమేమిటి? 'ఇంకను ఆపుకొనుట మా వశము కాదు.' ఇది హెచ్చరిక కాక మరేమిటి? చర్చలకి బైఠక్ పెట్టమన్నారు, వెంటనే పెట్టాను. ఏం ఆపుకోలేకపోతున్నారో చెప్పండి."

ముందుగా సక్కుబాయికి అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగు చాలలేదు. ఆమె భుజాలు ఊగడం చూసి మిగతా నలుగురూ గోడ వైపు తిరిగారు. బిందుమాధవి రిజిస్టరును ముఖానికి అడ్డం పెట్టుకుంది. నేను కిటికీలోంచి ఆకాశం వైపు చూశాను. మబ్బు కూడా లేదు.

"సార్," అంది యశోద. ఆమె ఒక్కతే నవ్వలేదు. "అది సమ్మె కాదు సార్. మూత్రం. ఎనిమిది గంటలు ఆపుకుంటున్నం. కూసునేటందుకు తలుపున్న అర్ర, అండ్ల లెట్రినుండాలని అడిగినం. మా బాపు గిట్ల రాసిండు."

అందరూ నన్ను చూశారు. నా జీవితంలో అంతమంది ఒకేసారి నన్ను చూడటం పెళ్లిలో తప్ప జరగలేదు.

ఉమాపతి గారి ముఖం ఎర్రబడింది, తరవాత తేలికపడింది. కుర్చీలో వెనక్కి వాలారు. "అంతేనా! నేనింకేదో అనుకున్నాను. మంచిదమ్మా, పై ఆఫీసుకి రాస్తాను. మంజూరు కావాలి, కొంచెం టైం పడుతుంది. సరేనా?"

"మరి నా పని సార్? సోమవారం సంది రావొద్దన్నరు. లెట్రిన్‌కు పోతేనే గైర్‌హాజర్ ఏసిండ్రు."

"ఫోన్ల రికార్డున్నది సార్," అన్నాడు శ్రవణ్‌కుమార్. "మూడు దినాలు మొకం లేదు. మా కంపెనీ రూల్ గది. యూనియన్ గినియన్ అని లొల్లి చేస్తే రూల్ మారుతదా?"

"అది మీరూ వాళ్లూ చూసుకోండి," అంటూ ఉమాపతి గారు దస్త్రం మూశారు. "ఇక వెళ్లొచ్చు."

మూసిన ఆ దస్త్రంలో నా అర్జీ ఉంది. సమ్మె భయంతో తెరుచుకున్న తలుపు, భయం పోగానే మూసుకుపోయింది. నేను ఒక్క సిగ్గుమాలిన మాట సరిగ్గా రాసుంటే అర్జీ మొదట్లోనే తిన్నగా అసలు విషయానికి పోయేది. రాయలేదు. సోమవారం నుంచి యశోద చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది. అది కూడా నా చేతి చలవే.

యశోద కదల్లేదు.

"సార్, ఆ కాయితంల బైఠక్ అని ఉన్నదా?"

"ఉందమ్మా."

"మీరు కూడ బైఠక్ అని పిలిచిండ్రు. ఆ మేడం రిజిస్టర్‌ల రాసిందా?"

బిందుమాధవి తలూపింది. "రాశాను. 'యూనియన్‌తో బైఠక్' అని తారీఖుతో సహా."

"బైఠక్ అంటే ఏంది సార్?"

"సమావేశం."

"మా దిక్కు బైఠక్ అంటే కూసునుడు. మీరు నలుగురు కూసున్నరు. మేం ఆరుగురం నిలవడ్డం. ఇంక బైఠకే కాలేదు సార్. కాకముందే వెళ్లొచ్చు అంటే ఎట్ల పోతం?"

గొంతు పెంచలేదు. మా గల్లీలో "జర పక్కకు జరుగుండ్రి, ఊడ్వాలె" అనేటప్పటి గొంతే. ఆ మాట వినగానే నేను దిగ్గున లేచి, నా కుర్చీ ఆమె ముందుకు జరిపాను. నన్ను చూసి ఉమాపతి గారూ లేచారు. శ్రవణ్‌కుమార్ కాలు మీది కాలు దించాడు. అదిగో, పెద్దసారును కుర్చీలోంచి లేపడమంటే అదే. లేపింది నా కాగితం కాదని మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. పోనివ్వండి.

"ఇంకా కుర్చీలు లేవా?" అన్నారు ఉమాపతి గారు.

"వెనక స్టోర్‌రూంలో ఉన్నాయి సార్" అంది బిందుమాధవి. "తాళంచెవి నా దగ్గరే ఉంది."

అందరం వెనక్కి పోయాం. తలుపు తీశారు. విరిగిన చెత్తడబ్బాలు, పోయినేటి పండుగ బ్యానర్లు, ఒక మూల నల్లా. వాటి వెనక ఇంకో చిన్న తలుపు. దాన్ని లాగితే లోపల తెల్లటి పలకలు వేసిన మరుగుదొడ్డి, దాని మీద ఒకదానిపై ఒకటి పేర్చిన పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలు తడవకుండా పైన గోనెపట్టా కూడా కప్పారు.

సక్కుబాయి లోపలికి తొంగి చూసింది. "సార్, మీ కుర్చీలకు లెట్రిన్ ఉన్నది. మాకే లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉమాపతి గారు చొక్కా చేతులు మడిచి పైకుర్చీ తనే దించారు.

ఆ తరవాత బైఠక్ అయింది. అందరూ కూర్చున్నారు. గంటన్నర. బిందుమాధవి కాంట్రాక్టు కాగితాలు తెప్పించి తిరగేసింది. "సార్, పనివాళ్లకు కూర్చునే గది, మరుగుదొడ్డి ఉండాలని ఇందులోనే రాసుంది. ఉన్నట్టు ప్రతినెలా వీళ్లు సంతకం కూడా పెడుతున్నారు."

ఉమాపతి గారు కళ్లద్దాలు తీసి శ్రవణ్‌కుమార్ వైపు చూశారు. "ఎక్కడుందండీ ఆ గది? నాకూ చూపించండి."

శ్రవణ్‌కుమార్ ఫోనులో ఏదో వెతికాడు. గది ఫోనులో లేదు.

"లేని గదికి హాజరు వేశారు. ఉన్న మనిషికి గైర్‌హాజరు వేశారు. మీరు సంతకం పెట్టారు, మేం చూడకుండా తీసుకున్నాం. మా తప్పూ ఉంది."

"సార్, వీళ్ల యూనియన్‌ను మా కంపెనీ గుర్తించలే..."

"మీరు గుర్తించినా గుర్తించకపోయినా, మేం ఎవరితో కూర్చున్నామో మా రిజిస్టర్లో రాసుకుంటామండి. బిందుమాధవి గారూ, రాయండి. హాజరైనవారు: కార్మికుల యూనియన్ తరఫున యశోద. మధ్య హాజరుకి టైం ముందే చెప్పాలి. మరుగుదొడ్డికి పోయినవాళ్లు తిరిగొచ్చాక వాళ్ల ముఖం తీసుకోవాలి. ఎవరినైనా తీసేయాలంటే ముందు ఈ బైఠక్‌లో చెప్పి, యూనియన్ మాట విన్నాకే. వెనకున్న ఆ స్టోర్‌రూం ఇక ఆడవాళ్లు కూర్చునే గది. యశోద సోమవారం పనికొస్తుంది. ఇంకేమన్నా ఉందామ్మా?"

"ఇంకొక్కటి సార్," అంది యశోద. "మళ్ల బైఠక్ ఎప్పుడు?"

ఆయన బిందుమాధవి వైపు తిరిగారు. "నెలకోసారి పెట్టుకుందాం. రాయండి."

మేం అడిగింది కూర్చునే గది. నేను రాసింది సమావేశం. రెండూ వచ్చాయి. ఖానా కొట్టేయించినందుకు ఆ రెండోదాంట్లో తనకు వాటా ఉందని శారదమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను గాని, ఆమె చాయ్ పెట్టేటప్పుడు మాత్రం ఒప్పుకుంటాను.

శని, ఆదివారాలు డబ్బాలు, బ్యానర్లు బయటికి పోయాయి. గొళ్లెం మాత్రం యశోదే కొని తెచ్చి, దగ్గరుండి బిగించింది, ఎవరో వేస్తారని నమ్మకుండా. సోమవారం పొద్దున మా గల్లీలో చీపురు చప్పుడు వినపడి శారదమ్మ బయటికి పోయింది. చేతిలో చెంబు. యశోద చీపురు గోడకానించి, చెంబు ఎత్తి గటగటా తాగింది. సగం తాగి ఆగలేదు. అడుగుదాకా తాగి, మూతి జాకెట్టు చేతికి తుడుచుకుని, "ఇంకొక్క చెంబమ్మా" అంది. ఆమె అలా అడిగి తాగడం పదకొండేళ్లలో అదే మొదటిసారి.

నా పరువు సంగతి వేరే. ఇప్పుడు ఆ గది ముందునుంచి నడుస్తూ పోతే లోపలినుంచి సక్కుబాయి, "బాపూ, గంత ఉరుకుతున్నవ్, ఇంకను ఆపుకొనుట నీ వశము కాదా?" అని అరుస్తుంది. ఇరవై ముగ్గురూ పగలబడి నవ్వుతారు. అర్జీలకు మాత్రం గిరాకీ పెరిగింది. అయితే వచ్చినవాళ్లంతా ముందే చెబుతున్నారు: "తాతా, ఉన్నదున్నట్టు రాయి."

ఉన్నదున్నట్టు కావాలంటే మీకూ ఒక మాట చెప్పాలి. ఇందులో ఒక్కటి నేను కలిపాను. బర్రె సంగతి కాదు, అది నిజం. మరుగుదొడ్డి మీద కుర్చీలూ నిజమే, పోయి పలకల మీద గీతలు చూసుకోవచ్చు. నేను లేచి యశోదకు కుర్చీ జరిపానన్నాను చూడండి, అది జరగలేదు. ముందు లేచింది ఉమాపతి గారే. తన కుర్చీనే ఆమెకు జరిపారు. ఆమె ఆ మాటలు అంటున్నంతసేపూ, నా కుర్చీ ఎవరడుగుతారోనని నేను దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకునే ఉన్నాను. సక్కుబాయి చూసింది. "నువ్వు కూసో బాపూ, నీకు మోకాళ్ల నొప్పులు" అంది.

ఆ రోజు మోకాళ్లు బాగానే ఉన్నాయి.